రెండో గండం

ఇరవై ఐదో నిమిషం.

బల్ల మీద మత్తులో ఓ చిట్టెలుక. పక్కటెముకల సందులోంచి కనిపిస్తున్న దాని గుండె బఠాణీ గింజంత. ఆ గుండె మీది రక్తనాళాన్ని సూక్ష్మదర్శిని కింద వెతికి పట్టి, సన్నటి దారంతో ముడి బిగించి ఇరవై ఐదు నిమిషాలైంది. ముడికి దిగువన కండ ఎరుపు పోయి పాలిపోయింది. ఇంకో ఐదు నిమిషాల్లో ముడి వదులు చెయ్యాలి. ఈలోపే తోక సిరలోకి సూది దిగింది. కొన్ని ఎలుకలకు ఉత్త ఉప్పునీరు. కొన్నిటికి అదే ఉప్పునీటిలో కలిపిన మరొకటి. రెండూ చూడ్డానికి నీళ్లే.

ముప్పయ్యో నిమిషం. ముడి వదిలారు. పాలిపోయిన కండ మెల్లగా ఎరుపెక్కింది.

సినిమాలో అయితే ఇక్కడ ‘శుభం’ కార్డు వేస్తారు. ప్రయోగశాలలో గడియారాన్ని మళ్లీ సున్నా దగ్గర పెడతారు. ఇంకా ఇరవై నాలుగు గంటలు ఆగాలి.

ఈ ప్రయోగం 2010లో అచ్చయిన ఒక పరిశోధన పత్రంలోది. సింగపూర్‌లో సాయ్ కియాంగ్ లిమ్ బృందం, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌కు చెందిన డొమినిక్ డి క్లైన్ బృందం కలిసి చేసిన పని. పరిశోధన పత్రాల్లో సంభాషణలుండవు, నిమిషాలుంటాయి. నేనూ ఆ నిమిషాలే చెబుతాను, ఆ గదిలోని మనుషులకు లేని మాటలు అంటగట్టను.

సూదిలో ఏముందో తర్వాత. ముడి విప్పడంలో అంత గాభరా ఏమిటన్నది ముందు తేలాలి. నెత్తురు ఆగిపోతే ప్రమాదం, తిరిగొస్తే మంచిదే కదా?

కొన్నేళ్ల కిందట గుంటూరులో ఒక ఆసుపత్రి వరండాలో మా పిన్ని అడిగిందీ ఇదే. రాత్రి రెండున్నర. బాబాయికి స్టెంటు వేసి డాక్టరు బయటికొచ్చాడు. మా పిన్నికి కొడుకు వయసుంటుంది అతనికి. “బ్లాకు తెరుచుకుందమ్మా, రక్తం బాగానే పారుతోంది” అన్నాడు. పిన్ని రెండు చేతులూ జోడించి, గండం గడిచిందనుకుంది. అతను వెళ్లబోతూ ఆగి, “ఈ ఒక్కరోజూ గడవాలి. చూద్దాం” అన్నాడు.

“అదేంటి బాబూ, తెరుచుకుందన్నావుగా. ఇంకా చూసేదేముంది?”

అతను నవ్వీ నవ్వనట్టు నవ్వి, “తెరిచినప్పుడే కొంచెం భయమమ్మా” అని వెళ్లిపోయాడు. గాజు అద్దం అవతల, మానిటర్ మీద బాబాయి గుండె గీత ఉన్నట్టుండి అడ్డదిడ్డంగా ఎగిరిపడటం, నర్సులు గబగబా నడవటం, కాసేపటికి గీత మళ్లీ దారిన పడటం చూశాం. నాళం తెరుచుకున్న వెంటనే గుండె లయ తప్పడం క్యాథ్‌ల్యాబుల్లో రోజూ చూసేదేనని తర్వాత తెలిసింది. డాక్టర్లు దాన్ని రీపెర్ఫ్యూజన్ అరిద్మియా అంటారు. మొదటి గండం నెత్తురు ఆగినప్పటిది. రెండోది, నెత్తురు తిరిగొచ్చినప్పటిది.

ఈ రెండో గండాన్ని వైద్యులు మొదట గట్టిగా గుర్తుపట్టింది గుండెలో కాదు. 1940, లండన్. జర్మన్ విమానాలు రాత్రుళ్లు బాంబులు కురిపిస్తున్నాయి. కూలిన ఇళ్ల కింద కాలో చెయ్యో నలిగి గంటల తరబడి ఇరుక్కుపోయినవాళ్లను బయటికి లాగారు. లాగినప్పుడు బాగానే ఉన్నారు. ఆసుపత్రికి చేరాక కాలు ఉబ్బింది, బీపీ జారిపోయింది, మూత్రం రంగు మారి తగ్గిపోయింది, రోజుల్లోనే మూత్రపిండాలు చేతులెత్తేశాయి. హామర్‌స్మిత్ ఆసుపత్రిలో ఎరిక్ బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు ఇలాంటి నలుగురి వివరాలను 1941 మార్చిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చువేశారు. నలిగిన కండలో పేరుకున్న విషమంతా, బరువు ఎత్తగానే తిరిగొచ్చిన నెత్తుటితో కలిసి ఒంట్లోకి పారింది. అందుకే ఇవాళ భూకంపాలప్పుడు తెలిసిన సిబ్బంది శిథిలాన్ని ఎత్తకముందే సెలైన్ పెడతారు. విడిపించాక కాదు, విడిపించకముందు. ఎలుక తోకలోకి సూది దిగిన వేళ గుర్తుంది కదా.

గుండె సంగతి 1960లో బయటపడింది. రాబర్ట్ జెన్నింగ్స్ అప్పుడు షికాగోలో ఉన్నారు. కుక్కల గుండెల్లో అరగంట నుంచి గంట సేపు నెత్తురు ఆపి వదిలారు. ఆ కండలో కనిపించిన చావు, ఇరవై నాలుగు గంటలు ఏకధాటిగా ఆపేసిన కండలో కనిపించేంత ఉంది. నెత్తురు తిరిగొచ్చి కాపాడిందా, చావును తొందరపెట్టిందా అన్న తగవు అక్కడ మొదలై దశాబ్దాలు నడిచింది.

ఎండాకాలమంతా బీటలు వారిన పిల్లకాలువకు లాకులన్నీ ఒక్కసారే ఎత్తితే ఏమవుతుందో డెల్టా రైతుకు చెప్పక్కర్లేదు. నీళ్లు కావాల్సిందే. కానీ గట్టు తెగుతుంది.

కణం లోపల జరిగేదీ దాదాపు అదే. గుండె నడిచేది ఏటీపీ అనే ఇంధనం మీద. మన గుండె రోజుకు 6 కిలోల పైచిలుకు ఏటీపీని తయారుచేసి, తయారైనది తయారైనట్టు ఖర్చుపెట్టేస్తుంది, రేపటికని దాచుకునేది దాదాపు లేదు. ఈ పదార్థాన్ని కండరాల్లో కనిపెట్టినవాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టినాయనే, యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన, జర్మనీలో విడిగా కార్ల్ లోమన్, 1929లో దీన్ని గుర్తించారు. నెత్తురు ఆగితే ఆక్సిజన్ ఆగుతుంది, ఏటీపీ అడుగంటుతుంది. కణం గోడలోని పంపులు ఆగిపోయి సోడియం, దాని వెనకే కాల్షియం లోపలికి చొరబడతాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. విచిత్రమేమిటంటే ఆ పులుపే కణాన్ని కాస్త కాపాడుతుంటుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొరల్లో చావు తలుపుల్లాంటి రంధ్రాలుంటాయి, పులుపు ఉన్నంతసేపూ అవి తెరుచుకోవు.

నెత్తురు తిరిగొచ్చి ఆ పులుపును కడిగేస్తుంది. ఆక్సిజన్ ఒక్కసారిగా మీద పడుతుంది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ముందుండి నడిపిన పరిశోధన ఒకటి 2014లో ఇక్కడి మంటకు నిప్పు ఎక్కడిదో చూపించింది. నెత్తురు లేని వేళ సక్సినేట్ అనే పదార్థం కణంలో గుట్టగా పేరుకుంటుంది. ఆక్సిజన్ తగలగానే ఆ గుట్ట భగ్గుమని, కణాన్ని తుప్పు పట్టించే ఉగ్ర ఆక్సిజన్ అణువులను వెదజల్లుతుంది. అటు కాల్షియం, ఇటు ఈ మంట. చావు తలుపులు బార్లా తెరుచుకుంటాయి. ఇదంతా మొదటి కొన్ని నిమిషాల్లోనే. తర్వాతి గంటల్లో తెల్లకణాలు గుంపులుగా వచ్చి, శుభ్రం చేస్తామంటూ బతికున్నదాన్ని కూడా నమిలేస్తాయి. చివరికి చచ్చిన కండలో సగం దాకా ఈ రెండో గండం పద్దులోదే కావచ్చని లండన్‌లోని డెరెక్ యెల్లన్, డెరెక్ హౌసెన్‌లాయ్ 2007లో రాశారు.

దీన్ని ఆపడానికి మందు వెతకలేదా? వెతికారు. జాబితా చాంతాడంత. చావు తలుపులు మూసిపెడుతుందనుకున్న సైక్లోస్పోరిన్‌ను 970 మంది గుండెపోటు రోగులతో పరీక్షించారు. 2015లో ఫలితం వచ్చింది, లాభం లేదు. చేతికి బీపీ పట్టీ బిగించి, వదిలి, మళ్లీ బిగించి శరీరాన్ని ముందే అప్రమత్తం చేసే చవకైన ఉపాయాన్ని 5,400 మందిపై చూశారు. 2019లో దానిదీ అదే ఫలితం. ఎలుకల్లో గెలవడం వేరు, మనిషిలో గెలవడం వేరు. ఈ వాక్యాన్ని పాఠకులు చివరిదాకా చేతిలో పట్టుకోవాలని నా మనవి.

ఇప్పుడు సూది సంగతి.

2000 తర్వాతి ఏళ్లలో ప్రపంచమంతా మూలకణాల మోజు. దెబ్బతిన్న గుండెలోకి మూలకణాలు ఎక్కిస్తే అవే కొత్త కండ అయి కూర్చుంటాయని ఆశపడ్డారు. ఎక్కించారు. గుండె ఎంతోకొంత తేరుకుంది. కానీ వెతికితే ఎక్కించిన కణాలు కనిపించవు! చాలావరకు చచ్చిపోయాయి, కొట్టుకుపోయాయి. వంటమనిషి వెళ్లిపోయాక కూడా ఇంట్లో పోపు వాసన ఉందన్నమాట. అయితే పని చేసింది కణాలా, పోతూ పోతూ అవి వదిలినదా?

సింగపూర్, ఉట్రెక్ట్ బృందాలు కణాలను పక్కనపెట్టి, అవి పెరిగిన ద్రవాన్ని మాత్రం తీసుకున్నాయి. మామూలు ల్యాబ్‌లో అయితే సింకులో పారబోసే ద్రవమే అది. దాన్ని పందులకు ఇచ్చారు, ఎందుకంటే పంది గుండె మన గుండెకు దగ్గర. గాయం తగ్గింది. తర్వాత పిండి జల్లించినట్టు ఆ ద్రవాన్ని జల్లెడ పట్టారు. 1000 కిలోడాల్టన్ల కంటే చిన్నవన్నీ కిందికి జారిపోయే జల్లెడ. ఎదుగుదలకు తోడ్పడే ప్రోటీన్లేవో పని చేస్తున్నాయనుకుంటే, అవన్నీ ఇంతకంటే ఎంతో చిన్నవి, జారిన ద్రవంలోనే ఉండాలి. జారిన ద్రవం పనిచేయలేదు. జల్లెడ మీద మిగిలిందే పనిచేసింది.

మామూలుగా ఒంటరి ప్రోటీను ఉండనంత పెద్దది. కణం అనలేనంత చిన్నది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే కొవ్వు పొర చుట్టుకున్న గుండ్రటి బుడగలు కనిపించాయి. తలవెంట్రుక మందాన్ని వెయ్యి పాయలు చీలిస్తే ఒక పాయంత ఉంటుంది ఒక్కోటి.

ఆ బుడగలకు అప్పటికే పేరుంది. పెట్టింది మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోజ్ జాన్‌స్టోన్. ఆమె చూస్తున్నది గుండెను కాదు, గొర్రె నెత్తురులోని పసి ఎర్రకణాలను. ఆ కణం పసిదిగా ఉన్నప్పుడు ఇనుమును లోపలికి అందిపుచ్చుకోవడానికి ఒంటినిండా కొక్కేలుంటాయి. పెద్దదయ్యేసరికి ఒక్కటీ ఉండదు. ఎటు పోయాయి? 1983లో జాన్‌స్టోన్, ఆమె దగ్గర పనిచేసే బిన్-టావ్ పాన్ కణాలను తీసేసి, మిగిలిన ద్రవాన్ని భూమ్యాకర్షణకు లక్ష రెట్ల బలంతో గిర్రున తిప్పారు. గొట్టం అడుగున చిన్న మడ్డి. అందులో ఉన్నాయి కొక్కేలు, చిన్న చిన్న బుడగల్లో చుట్టి బయట పారేసినవి. అదే ఏడాది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఇంకో బృందం ఎలుక కణాల్లో ఇదే చూసింది. 1987లో జాన్‌స్టోన్ వాటికి ఎక్సోసోమ్ అని పేరుపెట్టారు. శాస్త్రలోకం పెద్దగా పట్టించుకోలేదు. చెత్త సంచులనుకున్నారు. మన ఇళ్లముందు పొద్దున్నే బండి కోసం పెట్టే నల్ల కవర్లుంటాయే, అలాంటివనుకున్నారు.

2007లో స్వీడన్‌లో హాది వలాది, యాన్ లోట్వాల్ బృందం ఆ సంచుల్లో ఆర్‌ఎన్‌ఏ ఉందని, దాన్ని అందుకున్న కణం చదువుకోగలదని చూపించింది. చెత్తబుట్ట అనుకున్నది తపాలా సంచి అయింది.

ఇక మళ్లీ ఎలుక దగ్గరికి. ఆ సూదిలో ఉన్నవి, శుద్ధి చేసిన ఎక్సోసోమ్‌లే.

ఇరవై నాలుగు గంటలు గడిచాయి. ఇప్పుడు లెక్క తేల్చే పని. ఇది చూడ్డానికి గొప్పగా ఉంటుంది, కొంచెం బాధగానూ ఉంటుంది. అదే చోట ముడి మళ్లీ బిగించి నీలిరంగు ఎక్కిస్తారు. ఎప్పుడూ నెత్తురు ఆగని భాగమంతా ముదురు నీలమవుతుంది. గుండెను బయటికి తీసి, క్యారెట్ చక్రాల్లా అడ్డంగా పలచటి ముక్కలు కోస్తారు. వాటిని టీటీసీ అనే రసాయనంలో వేసి వెచ్చగా ఉంచుతారు. బతికున్న కండ ఇటుక ఎరుపు తేలుతుంది. చచ్చిన కండకు రంగు అంటదు, తెల్లగా మిగిలిపోతుంది. అంటే ప్రతి ముక్క మీదా మూడు రంగులు. నీలం: దీనికేమీ కాలేదు. ఎరుపు: గండం వచ్చింది, గట్టెక్కింది. తెలుపు: పోయింది.

ఎక్సోసోమ్‌లు అందిన గుండెల్లో తెలుపు తగ్గింది. అదే బృందాలు 2013లో మరోసారి చూసినప్పుడు తగ్గుదల 45 శాతం. అరగంటలోనే కండలో ఏటీపీ పెరిగింది, తుప్పు తగ్గింది, కణాన్ని బతకమని చెప్పే సంకేతాలు లేచాయి, రోజు గడిచేసరికి తెల్లకణాల దాడి నెమ్మదించింది. భీమవరం ఆయన చూసిన ఆ ఏటీపీ ఇక్కడ మళ్లీ ఎదురుపడితే, చదువుతున్న నాకు ఒళ్లు జలదరించిందని ఒప్పుకోవాలి.

ఆ 2013 పత్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం ఇంకోటుంది. ఎక్సోసోమ్‌లను చితక్కొట్టి, లోపలి సరుకంతా అలాగే ఉంచి ఇచ్చారు. పనిచేయలేదు. పొట్లం విప్పితే మందు లేదు. కవరు చింపి ఉత్తరాన్ని వీధిలో పారేస్తే ఏ ఇంటికీ చేరనట్టు, పొర చెక్కుచెదరకుండా ఉంటేనే సరుకు కణం లోపలికి చేరుతోంది.

ఇక్కడిదాకా కథ ఎక్కింది. ఇకమీదిది మెట్లు దిగడం.

సిరలోకి ఎక్కించిన ఎక్సోసోమ్‌లలో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం దారిలోనే పట్టేస్తాయి. లాస్ ఏంజెలిస్‌లోని సీడర్స్-సైనాయ్‌లో ఎడ్వార్డో మార్బాన్ బృందం గుండె కణాల నుంచి తీసిన ఎక్సోసోమ్‌లను పందుల్లో పరీక్షించి 2017లో చెప్పిన మాట ఆలోచింపజేస్తుంది. వాటిని గుండె నాళంలోకి వదిలితే ఫలితం లేదు, సూదితో నేరుగా కండలోకి గుచ్చితేనే గాయం తగ్గింది. స్టెంటు వేసే చేతికి నాళంలోకి వదలడం తేలిక. కండలోకి గుచ్చడం వేరే తంతు. పైగా ఇది మాత్రల తయారీ కాదు. కణాలు మారితే, వాటికి పెట్టే మేత మారితే, అవి వదిలే పొట్లాల్లో సరుకూ మారిపోతుంది. నిన్నటి బ్యాచీ నేటి బ్యాచీ ఒకటేనని రుజువు చేయడమే పెద్ద పని.

ఒకచోట మాత్రం నాకు ఆశ గట్టిగా కనిపిస్తుంది. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మెట్రో రైలు ఒక పెట్టె కోసం నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా 21 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా అరగంటలోపే పరుగెత్తింది. పెట్టెలో జీవన్‌దాన్ అవయవదాన పథకం కింద ఇచ్చిన గుండె. టీవీల్లో అందరం చూశాం. పెట్టె ఆసుపత్రి గుమ్మం దాటగానే కెమెరాలు ఆగిపోయాయి. గుండె కుట్టి, నాళాలకు వేసిన క్లాంపు తీసే క్షణం అవతల ఉంది. ఎలుక ముడికీ ఆ క్లాంపుకీ తేడా లేదు, అదే రెండో గండం. గుండెపోటు ఎప్పుడొస్తుందో చెప్పిరాదు. అవయవ మార్పిడిలో మాత్రం నెత్తురు తిరిగొచ్చే నిమిషం డాక్టరు చేతిలో ఉంటుంది. అవయవం ఇంకా బయటే ఉన్నప్పుడు దానిలోకి పారించే ద్రవంలోనే ఈ పొట్లాలు కలపొచ్చు. ఎలుకల మూత్రపిండాలతో ఆ ప్రయత్నం జరిగింది, గాయం తగ్గింది. కాలేయమూ ప్లీహమూ అడ్డుపడని చోటు అది. నన్నడిగితే ఈ వైద్యం మనిషికి మొదట పనికొచ్చేది అక్కడే.

పరిశోధన ఇలా మెట్టు మెట్టుగా నడుస్తుంటే, వ్యాపారం లిఫ్టు ఎక్కేసింది. 2019 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బహిరంగ హెచ్చరిక జారీచేసింది. నెబ్రాస్కా రాష్ట్రంలో ఎక్సోసోమ్‌ల పేరుతో అమ్మిన, ఏ అనుమతీ లేని మందు వేయించుకున్నవాళ్లు తీవ్రమైన దుష్ఫలితాల పాలయ్యారు. మన నగరాల్లోనూ జుట్టుకు, ముఖానికి ఎక్సోసోమ్‌లంటూ బోర్డులు వెలుస్తున్నాయి. ఆ బోర్డు చూసి, గుండెకూ మోకాలికీ కూడా ఉందేమోనని లోపలికి వెళ్లేవాళ్లుంటారు. వెళ్లేవాళ్లు మూడు అడగండి: ఈ పొట్లాలు ఎవరి కణాలవి, ఎవరు పరీక్షించారు, ఏ అనుమతి కాగితం ఉంది. గుండెపోటు తర్వాతి గాయానికి గానీ, మరే జబ్బుకు గానీ ఎఫ్‌డీఏ ఆమోదించిన ఎక్సోసోమ్ మందు ఈ వ్యాసం రాసేనాటికి ఒక్కటీ లేదు.

బాబాయి ఇప్పుడు పొద్దున్నే నడుస్తున్నాడు. ఎకో తీసినప్పుడల్లా ఎడమ గదిలో కదలని చిన్న ముక్క కనిపిస్తుంది, అది అలాగే ఉంటుందని చెప్పారు. ఆ ముక్కలో రెండో గండం వాటా ఎంతో గానీ, మొదటి గండం వాటా మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రాత్రి పదింటికి ఛాతీలో బరువు మొదలైతే, గ్యాసేలే అని రెండు గంటలు సోడా తాగుతూ కుర్చీలో కూర్చున్నాడు. మీ ఇంట్లో ఎవరైనా అలా కూర్చుంటే సోడా తేవద్దు. 108కి ఫోన్ చేయండి.